నాయనమ్మ రామకోటి, బోర్డు నెట్ వేగం

మా ల్యాబులో కొత్తగా చేరిన కుర్రాడు ఒక మధ్యాహ్నమంతా కేబుళ్ళు మారుస్తూ గడిపాడు. బల్ల మీద అరచేతిలో ఇమిడే బోర్డు. నాలుగు కోర్ల ప్రాసెసర్, గిగాబిట్ ఈథర్నెట్ పోర్టు. అవతల ఒక ల్యాప్‌టాప్. అటునుంచి ఇటు ఐపెర్ఫ్3 అనే కొలత ప్రోగ్రాం డేటా కుమ్మరిస్తోంది. రావలసిన అంకె 941. వస్తున్నది అందులో సగం కూడా దాటడం లేదు. పసుపు కేబుల్ తీసి నీలం కేబుల్ పెట్టాడు. స్విచ్ మార్చాడు. ల్యాప్‌టాప్ మార్చాడు. సాయంత్రం టీ వేళకి నా దగ్గరికొచ్చాడు.

"సార్, పోర్టే పోయినట్టుంది. బోర్డు వెనక్కి పంపేద్దామా?"

"సీపీయూ ఎంత వాడుతోందో చూశావా?"

"చూశాను సార్. ఇరవై ఆరు శాతమే. మూడొంతులు ఖాళీగానే ఉంది."

ఆ ఇరవై ఆరు దగ్గరే ఉంది చిక్కంతా. తెర మీద ప్రాసెసర్ లెక్క చూపించే టాప్ అనే ప్రోగ్రాం నడుస్తోంది. కీబోర్డు మీద 1 అంకె నొక్కమన్నాను. నొక్కగానే ఒక్క వరుసలో ఉన్న సీపీయూ లెక్క నాలుగు వరుసలుగా విడిపోయింది. మూడు కోర్లు రచ్చబండ మీద కాళ్ళూపుకుంటూ కూర్చున్నాయి. మిగిలిన ఒక్కటీ నూటికి నూరు శాతం పనిలో ఉంది, అదీ దాదాపు మొత్తం "ఎస్ఐ" అనే గడిలో, అంటే వచ్చిపడే ప్యాకెట్లని సర్దే పని ఖాతాలో. నలుగురు అన్నదమ్ముల్లో ఒక్కడే పొద్దస్తమానం పొలం దున్నుతుంటే, సగటు తీసి "ఆ ఇంట్లో పావు వంతే కష్టపడుతున్నారు" అన్నట్టుంది. పోర్టు బాగానే ఉంది, కేబుళ్ళన్నీ బాగానే ఉన్నాయి. అలిసిపోయింది ఆ ఒక్క కోరు.

ఐపెర్ఫ్3లో ఎనిమిది సమాంతర ధారలు పెట్టి చూశాడట, అయినా మార్పు లేదట. ఉండదు మరి. అమెరికా ఇంధన శాఖ పరిశోధన నెట్‌వర్కు ఈఎస్‌నెట్ వాళ్ళు తయారుచేసిన ఈ ప్రోగ్రాం 2023 చివర్లో 3.16 వచ్చేదాకా ఎన్ని ధారలు అడిగినా అన్నీ ఒకే త్రెడ్‌లో, అంటే ఒక వేళకి ఒకే కోరు మీద నడిపేది. మా బోర్డులో ఉన్నది అంతకు పాతది.

ముందు ఆ 941 సంగతి తేల్చుకుందాం. గిగాబిట్ అంటే సెకనుకు వెయ్యి మెగాబిట్లు కదా, మిగతా 59 ఎటు పోయాయి? మార్కెట్ యార్డులో బస్తా తూస్తే గోనెసంచికి తరుగు తీసినట్టే ఇక్కడా తరుగు ఉంది. ఈథర్నెట్ ఫ్రేములో పట్టేది 1500 బైట్లు. దాని ముందు 14 బైట్ల చిరునామా చీటీ, వెనక 4 బైట్ల తనిఖీ ముద్ర. ఫ్రేము వస్తోందని చెప్పడానికి మరో 8 బైట్లు. ఒక ఫ్రేముకీ ఇంకో ఫ్రేముకీ నడుమ 12 బైట్ల ఖాళీ. వెరసి తీగ మీద 1538 బైట్ల చోటు. ఆ 1500లో మళ్ళీ ఐపీ హెడర్ 20, టీసీపీ హెడర్ 20, లినక్స్ మామూలుగా తగిలించే టైమ్‌స్టాంపు 12 పోగా అసలు సరుకు 1448. 1448ని 1538తో భాగిస్తే 0.9415. గిగాబిట్ తీగ మీద 941, పాత వంద మెగాబిట్ల తీగ మీద 94.1. ఈ రెండు అంకెల్లో ఏది కనబడినా కొలిచేవాడికి ప్రాణం హాయిగా ఉంటుంది, తీగ నిండిందని. అంతకంటే తక్కువ వస్తే అడ్డం పడుతున్నది తీగ కాదు, ఇంకేదో.

ఆ ఇంకేదో అన్నిసార్లూ ప్రాసెసరే కానక్కర్లేదు. 2018 మార్చిలో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై 3బీ ప్లస్ బోర్డుకి గిగాబిట్ పోర్టు ఉంది. కానీ ఆ పోర్టుకీ ప్రాసెసర్‌కీ మధ్య దారి యూఎస్‌బీ 2.0. ఆ దారి వెడల్పు కాగితం మీదే 480 మెగాబిట్లు, అందులోనూ పెన్‌డ్రైవులూ కీబోర్డులూ వాటాకొస్తాయి. తయారీదారులే గరిష్ఠంగా 300 మెగాబిట్ల దాకా అని ముందే చెప్పి అమ్మారు. మరుసటి ఏడాది వచ్చిన పై 4లో ఈథర్నెట్‌కి సొంత దారి వేశాక గిగాబిట్ నిజమైన గిగాబిట్ అయింది. అలాంటి ఇరుకు సందు మా కుర్రాడి బోర్డులో లేదు. అక్కడ తప్పు పని పంపకంలో ఉంది.

ప్యాకెట్‌కి ఎంత గడువు

గిగాబిట్ వేగంలో ఒక బిట్టు దాటడానికి పట్టేది ఒక నానోసెకను. ఒక గిగాహెర్ట్జ్ ప్రాసెసర్ గడియారం ఒకసారి టిక్కుమనడానికి పట్టేదీ ఒక నానోసెకనే. ఈ రెండూ ఇలా కలిసిరావడం మన అదృష్టం, లెక్క నోటితో చేసేయొచ్చు. తీగ మీద ప్యాకెట్ ఎన్ని బిట్ల చోటు తీసుకుంటే, తర్వాతి ప్యాకెట్ వచ్చేలోగా ప్రాసెసర్‌కి అన్ని టిక్కుల గడువు. పెద్ద ప్యాకెట్‌కి 1538 బైట్లు, అంటే 12,304 టిక్కులు. సెకనుకి 81 వేల పైచిలుకు ప్యాకెట్లు వస్తాయి. అతి చిన్న ఫ్రేము 64 బైట్లు, ముందు హెచ్చరికా వెనక ఖాళీ కలిపి 84, అంటే 672 టిక్కులు. అవి సెకనుకి 14 లక్షల 88 వేలు వచ్చిపడతాయి.

672 వినడానికి బాగానే ఉంది. కానీ క్యాష్‌లో దొరకని ముక్క కోసం బయటి మెమరీ దాకా ఒక్కసారి వెళ్ళిరావడానికే సుమారు వంద నానోసెకన్లు. ఆరేడు సార్లు వెళ్ళొస్తే గడువు తీరిపోయింది. చేయవలసిన పని మాత్రం బోలెడు. నెట్‌వర్కు చిప్పు ప్యాకెట్‌ని నేరుగా మెమరీలో పెట్టేస్తుంది. చవకరకం చిప్పుల్లో చాలావాటిలో ఆ సంగతి ప్రాసెసర్ క్యాష్‌కి తెలియదు. ఆ మేరకు క్యాష్‌లోని పాత ముక్కల్ని చెల్లవని కొట్టేయడం డ్రైవర్ పనే. తర్వాత ప్యాకెట్‌కి కెర్నెల్లో ఒక పత్రం రాయాలి, ఐపీ హెడర్ చదవాలి, ఫైర్‌వాల్ నియమాలకి సరిచూడాలి, ఏ కనెక్షన్‌దో వెతకాలి, వరుస తప్పిందేమో చూడాలి, అందిందని రసీదు పంపాలి, నిద్రపోతున్న ప్రోగ్రాంని లేపాలి, చివరికి సరుకంతా కెర్నెల్ మెమరీ నుంచి ప్రోగ్రాం మెమరీకి ఎత్తిపోయాలి. పూర్తి గిగాబిట్‌లో ఈ ఎత్తిపోత ఒక్కటే సెకనుకి దాదాపు 118 మెగాబైట్లు. పెద్ద సర్వర్‌కి ఇది లెక్కలోకి రాదు. సన్నటి మెమరీ దారి ఉన్న చిన్న బోర్డుకి ఇదే పెద్ద బరువు. "సెకనుకి ఒక బిట్టు టీసీపీ నడపడానికి ఒక హెర్ట్జ్ కావాలి" అని ఇంజనీర్లలో ఒక పాత మోటు లెక్క ఉంది. చిన్న బోర్డుల దగ్గర అది ఇవాళ్టికీ మరీ అంత తప్పు చెప్పదు.

కాబట్టి "ఈ పెట్టె వేగం ఎంత?" అని అడిగినవాడికి "ఎంత సైజు ప్యాకెట్‌తో?" అని ఎదురు ప్రశ్న వేయాలి. ఈ క్రమశిక్షణ కొత్తదేం కాదు. 1991లో స్కాట్ బ్రాడ్నర్ రాసిన ఆర్ఎఫ్‌సీ 1242 అనే పత్రం త్రూపుట్‌కి కచ్చితమైన నిర్వచనం ఇచ్చింది: పంపిన ఫ్రేముల్లో ఒక్కటీ పోకుండా పెట్టె దాటించగలిగే గరిష్ఠ వేగం. 1999లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 2544 దాన్ని కొలిచే పద్ధతి చెప్పింది. 64 నుంచి 1518 బైట్ల దాకా ఏడు సైజులు, ఒక్కో పరీక్ష కనీసం 60 సెకన్లు. పెట్టెకి మధ్యమధ్య వేరే పనులు కూడా చెప్పి మళ్ళీ కొలవమంది. పెట్టె మీద రాసే అంకె మాత్రం చాలాసార్లు పెద్ద ప్యాకెట్‌తో, వేరే పనేదీ లేనప్పుడు వచ్చినది. ఆరుబయట ఖాళీ రోడ్డు మీద బండి తోలి మైలేజీ రాసినట్టే.

ఆర్ఎంపీ డాక్టరూ, కాలింగ్ బెల్లూ

ప్యాకెట్ వచ్చిందని చిప్పు ప్రాసెసర్‌కి చెప్పే పద్ధతి ఇంటరప్ట్. పల్లెటూళ్ళో ఒక్కడే అన్నీ చూసుకునే ఆర్ఎంపీ డాక్టరు ఉన్నాడనుకోండి. కాంపౌండరూ ఆయనే, చీటీలు రాసేదీ ఆయనే. వాకిట్లో బెల్ మోగితే చేతిలో సూది ఆపి, బయటికొచ్చి, వచ్చినవాడి పేరు రాసుకుని బెంచీ మీద కూర్చోబెట్టాలన్నది నియమం. రోజుకి ఇరవై మందైతే ఇది చక్కగా సాగుతుంది. విషజ్వరాల కాలంలో రెండొందల మంది వస్తే? బెల్ ఆగదు. ఆయన పేర్లు రాస్తూనే ఉంటాడు. బెంచీ నిండిపోతుంది. రాసిన పేర్లవాళ్ళకే చోటు లేక వెనక్కి పంపుతాడు, మళ్ళీ బెల్, మళ్ళీ పేరు. సాయంత్రానికి ఒళ్ళు హూనం అవుతుంది, ఒక్క రోగికీ సూది పడదు.

దీనికి రిసీవ్ లైవ్‌లాక్ అని పేరు. జెఫ్రీ మోగుల్, కె.కె. రామకృష్ణన్ అనే ఇద్దరు 1996లో దీని మీద ఒక ప్రసిద్ధ పరిశోధన పత్రం వెలువరించారు. అందులో గుర్తుంచుకోవలసినది ఆ గీత ఆకారం. మీదపడే ప్యాకెట్లు పెరుగుతుంటే దాటే ప్యాకెట్లు కూడా పెరుగుతాయి, ఒక శిఖరం చేరతాయి. అక్కడినుంచి సమంగా నిలబడవు, కిందికి జారతాయి, సున్నా దాకా కూడా. బరువు పెంచేకొద్దీ పని తగ్గుతుందన్నమాట.

2001లో జమాల్ హాది సలీం, రాబర్ట్ ఓల్సన్, అలెక్సీ కుజ్నెత్సోవ్ లినక్స్‌కి దీని విరుగుడు తెచ్చారు. దాని పేరు నేపీ. మన డాక్టరు భాషలో ఇది ఇలా ఉంటుంది. మొదటి బెల్ మోగగానే బెల్ తీగ పీకేస్తాడు. తనే వాకిట్లోకి వెళ్ళి ఒక విడతకి 64 మంది దాకా లోపలికి పిలుచుకొస్తాడు. వాకిలి ఖాళీ అయ్యాకే బెల్ మళ్ళీ తగిలిస్తాడు. ఎడతెగకుండా జనం వస్తూనే ఉంటే ఒక హద్దు ఉంది, మామూలుగా 300 ప్యాకెట్లు లేదా రెండు మిల్లీసెకన్ల వరకే. అది దాటితే మిగతా పని కెసాఫ్ట్‌ఐఆర్‌క్యూడీ అనే కెర్నెల్ త్రెడ్‌కి అప్పగిస్తాడు. టాప్ తెర మీద అప్పుడప్పుడు ఈ నోరు తిరగని పేరు పైకి తేలుతుంటుంది. అది పైన కనబడిందంటే ఆ పెట్టెకి ఊపిరాడటం లేదన్నమాట.

ప్రాసెసర్ మీద వేరే భారం ఉన్నప్పుడు కథ మలుపు తిరిగేది ఇక్కడే. మామూలు వేళ ప్యాకెట్ పనికి అందరికంటే ముందు వరుస. కెసాఫ్ట్‌ఐఆర్‌క్యూడీ చేతికి వెళ్ళాక అది రేషన్ క్యూలో నిలబడ్డ పదిమందిలో ఒకటి, మామూలు ప్రోగ్రాంలతో సమానమైన హోదా. కాబట్టి తక్కువ ట్రాఫిక్‌లో వెనకాల వీడియో ఎన్‌కోడింగ్ నడుస్తున్నా నెట్ వేగానికి పెద్ద దెబ్బ తగలదు. నెట్టే ఎన్‌కోడింగ్‌ని పక్కకి తోస్తుంది. ట్రాఫిక్ ఒక గీత దాటగానే ఇద్దరూ వాటాలు పంచుకోవడం మొదలుపెడతారు, వేగం ఠక్కున పడుతుంది. మధ్యస్థంగా ఒక చోట కొలిచి రెండు వైపులా గీత సాగదీసేవాడు ఈ మెట్టు చూడకుండానే దాటిపోతాడు.

పారిశ్రామిక పెట్టెల్లో ఇంకో మెలిక ఉంది. మోటారు నడిపే త్రెడ్‌కి రియల్ టైమ్ హోదా ఇస్తారు. అది కెసాఫ్ట్‌ఐఆర్‌క్యూడీ కంటే పై మెట్టు. ఆ త్రెడ్ పొరపాటున సుళ్ళు తిరుగుతూ ఉండిపోతే ఆ కోరు మీద మిగతా ప్రపంచమంతా ఆగిపోతుంది. అందుకే లినక్స్ చాలాకాలంగా ఒక దయ చూపిస్తూ వచ్చింది, ప్రతి సెకనులో 950 మిల్లీసెకన్లు దొరగారికి, 50 మిల్లీసెకన్లు మిగతావాళ్ళకి. నెట్ పూర్తిగా చావకుండా సెకనుకోసారి కొసప్రాణంతో కదులుతోందంటే నేను ముందు అనుమానించేది దీన్నే.

ఇదంతా బయటికి ఎలా కనబడుతుందన్నది మనం ఏ కొలబద్ద పట్టుకున్నామన్నదాని మీద ఉంది. టీసీపీ మర్యాదస్తుడు. అందుకునే ప్రోగ్రాంకి ప్రాసెసర్ దొరక్క బఫర్ నిండిపోతే "కాస్త ఆగండి" అని అవతలివాడికి కబురు పెడతాడు, అవతలివాడు తగ్గుతాడు. ఒక్క ప్యాకెట్టూ పోదు, వేగం మాత్రం పడిపోతుంది. యూడీపీకి ఆ మొహమాటం లేదు. అవతలివాడు పంపుతూనే ఉంటాడు, ఇవతల నిండిన బఫర్ మీంచి కారిపోతుంటుంది. పంపినవాడి తెర మీద అంతా పచ్చగా ఉంటుంది. నష్టం తెలియాలంటే అందుకునే పెట్టెలోనే, బఫర్ నిండి పారేసినవి ఎన్నని చెప్పే లెక్క చూడాలి. యూడీపీ పరీక్షకి పంపిన వైపు అంకె మాత్రమే పట్టుకొచ్చేవాడిని నేను నమ్మను.

ఇంటి రౌటర్ వేగం రౌటర్ మీదే ఐపెర్ఫ్ నడిపి కొలవడం కూడా ఇలాంటి పొరపాటే. రౌటర్ ఉన్నది సరుకు దాటించడానికి. అక్కడే దించి మూట విప్పమంటే దానికి అలవాటు లేని పని. పైగా చాలా రౌటర్లలో ఒకసారి దారి తెలిసిన ప్యాకెట్లని ప్రాసెసర్‌కి చూపించకుండా చిప్పే దాటించేస్తుంది. మనం ఒక చిన్న ట్రాఫిక్ నియంత్రణ పెట్టగానే ఆ అడ్డదారి మూతపడి ప్రతి ప్యాకెట్టూ ప్రాసెసర్ గడప తొక్కుతుంది. "సెట్టింగ్ ఒకటి మార్చాను, నెట్ సగమైంది" అని ఫోన్ చేసే బంధువులకి నేను చెప్పే సమాధానం ఇదే. వాళ్ళకి నచ్చదు.

మేస్త్రీ హాజరు, నాయనమ్మ పుస్తకం

నెట్ వేగం కొలవడం సులువే. నెట్ నడుస్తుండగా ప్రాసెసర్ ఎంత ఖర్చయిందో కొలవడమే కష్టం. ఈ ఆలోచన మొదటినుంచీ ఉంది. పింగ్ రాసిన మైక్ మూస్, టెర్రీ స్లాటరీతో కలిసి 1984లో టీటీసీపీ అనే తొలితరం కొలత ప్రోగ్రాం రాశాడు. బర్క్‌లీ విశ్వవిద్యాలయం వాళ్ళ టీసీపీ మంచిదా, బీబీఎన్ కంపెనీ వాళ్ళది మంచిదా అని తేల్చడానికి పుట్టింది అది. వేగంతోపాటు ప్రాసెసర్ సెకనుకి ఎన్ని కిలోబైట్లు కదిలాయో కూడా అడిగితే చెబుతుంది. తర్వాత హెచ్‌పీలో రిక్ జోన్స్ రాసిన నెట్‌పెర్ఫ్ దీన్ని ఒక పద్దుగా నిలబెట్టింది, కిలోబైటుకి ఎన్ని మైక్రోసెకన్ల ప్రాసెసర్ ఖర్చు అని.

ఈ పద్దు ఎంత పనికొస్తుందో చూడండి. ఒక బోర్డు 941 మెగాబిట్లు నడపడానికి సరిగ్గా ఒక కోరు పూర్తిగా తినేస్తోందనుకుందాం. అంటే సెకనుకి సుమారు లక్షా పదిహేను వేల కిలోబైట్లు, కిలోబైటుకి 8.7 మైక్రోసెకన్లు. రేపు దీనికి 20 మెగాబిట్ల కెమెరా తగిలిస్తే? సెకనుకి 2,441 కిలోబైట్లు, ఖర్చు 21 మిల్లీసెకన్లు. కోరులో రెండు శాతం, చిటికెడు. కానీ కొనేముందు ఒక్క మాట: ఖర్చు ఇలా సరళరేఖలో సాగదు. జోరుగా వస్తున్నప్పుడు డాక్టరు ఒక్క బెల్‌కి 64 మందిని తెచ్చుకుంటున్నాడు. తీరిగ్గా ఒక్కొక్కరే వస్తే ఒక్కో మనిషికీ ఒక బెల్. అందుకని తక్కువ వేగంలో కిలోబైటు ధర ఎక్కువ పడుతుంది. టోకు ధర చూసి చిల్లర బిల్లు అంచనా వేయకూడదు.

అసలు ఆ ప్రాసెసర్ ఖర్చు మనకి ఎవరు చెబుతున్నారు? కెర్నెలే. అది చెప్పే లెక్క కొన్ని బోర్డుల్లో ఉపాధి హామీ పని దగ్గర బద్ధకపు మేస్త్రీ హాజరులా ఉంటుంది. సెకనుకి వందసార్లో రెండొందల యాభైసార్లో తొంగిచూసి, ఆ క్షణాన పలుగు ఎవడి చేతిలో ఉంటే ఆ వ్యవధి కూలి అంతా వాడి పేరున రాసేస్తుంది. రెండు తొంగిచూపుల మధ్య వచ్చి పని చేసి వెళ్ళిపోయినవాడు లెక్కలోనే ఉండడు. నెట్ పని సరిగ్గా ఇలాంటిదే, మైక్రోసెకన్లలో వచ్చిపోయే బాపతు. పైపెచ్చు ఇంటరప్ట్ వచ్చినప్పుడు పాపం ఎవడు నడుస్తుంటే వాడి ఖాతాలో ఆ ఖర్చు పడొచ్చు. టీటీసీపీ తన ప్రాసెసర్ సెకన్లు అని చెప్పుకునేవాటిలో పొరుగువాడి పుణ్యం ఎంతో ఎవడికెరుక.

దీనికి తిరుగుడు దారి ఒకటుంది, నాకు చాలా ఇష్టమైనది. మా నాయనమ్మ రామకోటి రాసేది. గళ్ళ పుస్తకంలో గడికో శ్రీరామ. ఇంటిపని ఏమాత్రం ఉన్నా పుస్తకం మూసేది, తీరిక దొరికిన క్షణాన మళ్ళీ తీసేది. నిండిన పుస్తకాలు భద్రాచలం పంపించేవాళ్ళం. మామూలు రోజున నాలుగు పేజీలు. చుట్టాలొచ్చిన రోజున ఒకటిన్నర. ఆవిడ ఏ రోజు ఎంత పనిచేసిందని అడిగితే "ఏముందిరా" అనేది. పుస్తకం మాత్రం అబద్ధం చెప్పదు. రెండున్నర పేజీలు లేవంటే ఆ మేరకు చుట్టాలు తిన్నారు.

లినక్స్ కెర్నెల్ పెద్దల్లో ఒకరైన ఆండ్రూ మోర్టన్ రాసిన సైకిల్‌సోక్ అచ్చంగా ఈ పుస్తకమే. ప్రతి కోరు మీదా ఒక అర్థంలేని లెక్కింపు ప్రోగ్రాం నడుపుతుంది, అన్నిటికంటే తక్కువ హోదాతో. ముందు బోర్డు ఖాళీగా ఉన్నప్పుడు సెకనుకి ఎన్ని సార్లు తిరిగిందో రాసుకుంటుంది. తర్వాత నెట్ నడిపి మళ్ళీ చూస్తుంది. ఎంత తగ్గిందో అంత నెట్ తిన్నట్టు. ఎవడి పేరున రాశారన్న గొడవే లేదు, ఇంటరప్ట్ అయినా కెసాఫ్ట్‌ఐఆర్‌క్యూడీ అయినా దొంగతనంగా వచ్చిపోయినవాడైనా సరే, నాయనమ్మ కలం ఆగిందంటే లెక్కలోకి వచ్చినట్టే.

ఈ పద్ధతికీ దాని పెంకితనాలు ఉన్నాయి. లెక్కింపు ప్రోగ్రాం పిసరంత ఉండాలి, క్యాష్‌లో ఒదిగిపోవాలి. లేకపోతే అదే నెట్ పనివాళ్ళ సామాన్లు బయటికి నెట్టేస్తుంది. అంతకంటే పెద్ద చిక్కు గడియారం. చిన్న బోర్డులు కరెంటు పొదుపు కోసం పని లేనప్పుడు గడియారాన్ని నెమ్మదింపజేస్తాయి. రామకోటి ప్రోగ్రాం నడుస్తుంటే కోరుకి తీరికన్నది ఉండదు, అందుకని గడియారం ఎప్పుడూ పై వేగంలోనే ఉంటుంది. దీనివల్ల ఒక విడ్డూరం జరుగుతుంది. ప్రాసెసర్ మీద భారం వేశాక నెట్ వేగం పెరగొచ్చు! విడివిడిగా వచ్చే ప్యాకెట్ల మధ్య కునుకు తీసి లేస్తున్న కోరు ఇప్పుడు నిద్రే పోవడం లేదు మరి. మొదటిసారి ఇది చూసినప్పుడు నేను రెండు రోజులు నా స్క్రిప్టులో తప్పు వెతికాను. ఇప్పుడు కొలతకి ముందు గడియారాన్ని ఒకే వేగానికి కట్టేస్తాను.

భారం వేయడంలోనూ రకాలున్నాయి. కేవలం కూడికలూ హెచ్చవేతలూ చేసే భారం పక్క కోరు మీద నడుస్తుంటే నెట్‌కి తెలియనైనా తెలియదు. అదే పక్క కోరు మెమరీలో పెద్ద ముక్కలు అటూ ఇటూ మోస్తుంటే, ప్యాకెట్ పని చేసే కోరు ఖాళీగా ఉన్నట్టు కనబడుతూనే నెమ్మదిస్తుంది. కోర్లు నాలుగైనా మెమరీకి దారి ఒక్కటే. స్ట్రెస్-ఎన్‌జీ అనే ప్రోగ్రాంలో ఇలాంటి భారాలు రకరకాలవి దొరుకుతాయి. ఒక్క రకం భారంతో కొలిచి "లోడ్‌లో ఇంత" అనడం, ఒక్క ఊరి వాన చూసి జిల్లా వర్షపాతం చెప్పడమే. ఎన్‌క్రిప్షన్ ఉంటే అది మరో లోకం. రాస్ప్‌బెర్రీ పై 4 చిప్పులో ఏఈఎస్ గుప్తలిపికి ప్రత్యేక ఆదేశాలు లేవు. 2023లో వచ్చిన పై 5లో ఉన్నాయి. వీపీఎన్ పెట్టి కొలిస్తే ఆ తేడా తీగ మీద కనబడుతుంది, తీగకి ఏ సంబంధమూ లేకపోయినా.

ఇక వేడి. ఐపెర్ఫ్ మామూలుగా పది సెకన్లు నడుస్తుంది. చిప్పు వేడెక్కడానికి నిమిషాలు పడుతుంది. రాస్ప్‌బెర్రీ పై 3బీ ప్లస్ 60 డిగ్రీలు దాటితే గడియారాన్ని 1.4 గిగాహెర్ట్జ్ నుంచి 1.2కి దించుకునేలా ఏర్పాటుంది. 80 దాటితే ఇంకా దించుకుంటుంది. ఏసీ ల్యాబులో కొలిచిన పెట్టె మే నెలలో రామగుండంలోనో కొత్తగూడెంలోనో స్తంభానికి బిగించిన ఇనప డబ్బాలో కూర్చుంటుంది. బయట నీడలోనే 45 డిగ్రీలుంటే ఆ డబ్బా లోపల ఎంతుంటుందో చెప్పనక్కర్లేదు. పది సెకన్ల కొలత ఆ పెట్టె గురించి ఏం చెప్పినట్టు? నేను అరగంట నడుపుతాను, మొదటి నిమిషాన్నీ చివరి నిమిషాన్నీ పక్కపక్కన రాస్తాను. ఆ రెండూ ఒకటే అయిన బోర్డు దొరికిన రోజున స్వీట్లు పంచుకుంటాం.

కుర్రాడి బోర్డు సంగతి. ఇంటరప్ట్ ఒక కోరుకి, ఐపెర్ఫ్ ఇంకో కోరుకి విడదీశాం. పరిగెత్తే అంకె సగం గీత దాటి బాగా పైకొచ్చింది. 941 మాత్రం అందలేదు, ఆ డ్రైవర్‌తో అందదు కూడా. బోర్డు వెనక్కి పంపలేదు. కావలసింది మూడు కెమెరాల వీడియో మోయడం, అది మోసింది. రిపోర్టులో మొదట ఒకటే అంకె రాసుకొచ్చాడు. పక్కన మిగిలిన ప్రాసెసర్ ఎంతో, ప్యాకెట్ సైజు ఎంతో, చిప్పు ఎన్ని డిగ్రీల్లో ఉందో రాసుకురమ్మని తిప్పి పంపాను. రెండు రోజులు కూర్చుని సైకిల్‌సోక్ లాంటిదే ఒకటి తన బోర్డుకి సరిపడేట్టు ముప్పై నలభై వరుసల్లో రాశాడు. నాయనమ్మ కథ అప్పటికే విని ఉన్నాడు కాబట్టి ఫైలుకి రామకోటి అని పేరు పెట్టాడు. అది ఇప్పటికీ మా సర్వర్‌లో అదే పేరుతో ఉంది. కొత్తగా చేరినవాళ్ళు ఎవరో దైవభక్తులు పెట్టుకున్న యాప్ అనుకుని ముట్టుకోరు.